కార్డులో రాసే వయసు, కాన్పు గదిలో బయటపడే వయసు

ఆంధ్రప్రదేశ్‌లో తల్లీబిడ్డల ఆరోగ్యం గురించి 2019-21 నాటి ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పిన రెండు సంగతులను పక్కపక్కన పెట్టుకుంటే మొదట అయోమయమే కలుగుతుంది. రాష్ట్రంలో నూటికి 96కు పైగా కాన్పులు ఆస్పత్రుల్లోనే జరుగుతున్నాయి. మంత్రసాని చేతి మీదుగా ఇంట్లో పురుడు పోసుకునే రోజులు దాదాపు పోయాయి. అదే సర్వే ప్రకారం 20-24 ఏళ్ల స్త్రీలలో 29.3 శాతం మందికి పద్దెనిమిదేళ్లు నిండకముందే పెళ్లయింది. 15-19 ఏళ్ల అమ్మాయిల్లో 12.6 శాతం మంది సర్వే నాటికే తల్లులయ్యారు లేదా గర్భంతో ఉన్నారు. దేశం మొత్తానికి ఈ అంకెలు 23.3, 6.8 మాత్రమే. చదువులోనూ రోడ్లలోనూ ఆస్పత్రులలోనూ మనకంటే వెనుకబడ్డాయనుకునే రాష్ట్రాలు కొన్ని ఈ ఒక్క విషయంలో మనకంటే మెరుగ్గా ఉన్నాయి.

గర్భం, కాన్పు కారణంగా జరిగే తల్లుల మరణాలను లెక్కించే నమూనా నమోదు వ్యవస్థ ప్రకారం 2018-20లో దేశంలో ప్రతి లక్ష సజీవ జననాలకు 97 మంది తల్లులు చనిపోతుండగా ఆంధ్రప్రదేశ్‌లో ఆ సంఖ్య 45. దీన్ని చూసి, చిన్న వయసులో పెళ్లయితే ఏమవుతుంది, ఆస్పత్రులున్నాయి కదా, తల్లీబిడ్డా క్షేమంగానే ఇంటికి వస్తున్నారు కదా అని వాదించేవారు ఉన్నారు. చదువుకున్నవారి నోట కూడా ఈ మాట వినిపిస్తుంది. ఈ వాదనలోని లోపం అర్థం కావాలంటే పెళ్లి నుంచి పసిబిడ్డ మొదటి నెల దాకా జరిగేదాన్ని వరసగా చూడాలి. ఆస్పత్రి ఒక కాన్పును గట్టెక్కించగలదు గానీ, ఆ అమ్మాయి శరీరం ఆ కాన్పుకు సిద్ధంగా లేకపోవడాన్ని సరిదిద్దలేదు. పైగా ఆమె అసలు వయసు ఎంతో ఆస్పత్రికి తెలియకుండా పోతే, చేయగలిగిన సాయం కూడా చేయలేదు.

పెళ్లి ఎక్కడ మొదలవుతుంది

గుంటూరు, పల్నాడు ప్రాంతాల్లో ఈ పెళ్లిళ్లకు కారణం అడిగితే పెద్దలు చెప్పే జవాబుల్లో మూఢనమ్మకం వినిపించదు. మిరప కోతలకు, పత్తి తీతలకు తల్లిదండ్రులు ఊరు విడిచి వెళతారు. తెల్లవారుజామున ఆటోల్లో బయల్దేరి పొద్దుగూకాక తిరిగి వచ్చేవారు కొందరు, నెలల తరబడి చేల దగ్గరే గుడారాలు వేసుకుని ఉండేవారు మరికొందరు. పదో తరగతి అయిపోయిన ఆడపిల్ల ఇంట్లో ఒంటరిగా ఉంటుంది. ఊళ్లో ఉన్నత పాఠశాల ఉంటుంది గానీ జూనియర్ కాలేజీ ఉండదు. బస్సెక్కి పక్క పట్టణానికి వెళ్లాలి. ఆ దారిలో ఎవరితోనైనా మాట పడుతుందేమో, పేరు పాడవుతుందేమో అన్న భయం తల్లిని నిద్రపోనివ్వదు. ఈలోగా మేనమామో మేనబావో ఉంటే, తెలిసిన సంబంధం, కట్నం తక్కువ, పిల్ల కళ్ల ముందే ఉంటుంది అన్న లెక్క తయారవుతుంది. చదివించినకొద్దీ అంతకంటే ఎక్కువ చదివిన వరుణ్ని వెతకాలి, కట్నం పెరుగుతుంది. ఆ కుటుంబం ఉన్న చోట నుంచి చూస్తే ఈ లెక్కలో తప్పు కనిపించదు. వారిని మూర్ఖులని తిట్టి ఎవరూ ఈ సమస్యను పరిష్కరించలేరని నా అభిప్రాయం.

విజయవాడలో దీని రూపం కొంత వేరు. ఇంటర్ చదువుకు రాష్ట్రం నలుమూలల నుంచి పిల్లలు వచ్చి హాస్టళ్లలో ఉండే నగరమిది. అదే నగరంలో కాలువ గట్ల మీద, కొండ వాలు ఇళ్లలో, శివారు కాలనీల్లో ఇంటర్ మొదటి ఏడాదిలోనే చదువు ఆగిపోయిన అమ్మాయిలున్నారు. ఇక్కడ పెద్దలు కుదిర్చిన పెళ్లిళ్లతో పాటు పదహారు, పదిహేడేళ్లకు ఇంట్లోంచి వెళ్లిపోయి చేసుకునే పెళ్లిళ్లు కూడా ఉంటాయి. కూతురు ఎవరితోనో మాట్లాడుతోందని తెలియగానే హడావుడిగా వేరే సంబంధం చేసేయడం ఇంకొక రకం. మూడింటి వెనుకా కారణాలు వేరు. కానీ పెళ్లయిన రెండు నెలలకే బంధువులు వేసే ప్రశ్న మాత్రం ఒక్కటే: ‘ఏమైనా విశేషమా?’ ఆరోగ్యం దృష్ట్యా పెళ్లికంటే ప్రమాదకరమైనది ఈ తొందర.

వయసుదా, పేదరికానిదా?

చిన్న వయసు తల్లులకు, వారి బిడ్డలకు వచ్చే ముప్పు వయసు వల్ల వచ్చిందా, లేక చిన్న వయసులో పెళ్లి చేసుకునేది ఎక్కువగా పేద కుటుంబాల అమ్మాయిలు కాబట్టి పేదరికం వల్ల వచ్చిందా అన్నది వైద్య పరిశోధకులను చాలాకాలంగా ఇబ్బంది పెట్టిన ప్రశ్న. రెండూ ఉన్నాయన్నదే నిజాయితీ గల జవాబు. పదహారు లోపు అమ్మాయిల్లో శరీరం ఎదుగుదల పూర్తికాకపోవడమే నేరుగా హాని చేస్తుంది. పద్దెనిమిది, పందొమ్మిది దగ్గరికి వచ్చేసరికి వయసు వాటా తగ్గి, రక్తహీనత, తక్కువ బరువు, తొలి కాన్పు కావడం, పరీక్షలకు ఆలస్యంగా రావడం వంటి వాటి వాటా పెరుగుతుంది. అందువల్ల పద్దెనిమిదో పుట్టినరోజు దాటగానే ముప్పు తొలగిపోయిందనుకోవడం పొరపాటు. ఇక పదిహేడేళ్ల ప్రతి అమ్మాయికీ ఆపద తప్పదని భయపెట్టడం కూడా సరి కాదు. అలా భయపెట్టినప్పుడు, పక్కింటి పిల్ల పదిహేడుకే కని బాగానే ఉంది కదా అన్న ఒక్క ఉదాహరణతో చెప్పిందంతా కొట్టుకుపోతుంది.

శరీరం సంగతి కొంచెం వివరంగా చూద్దాం. పెద్దమనిషి అయిందంటే పిల్ల పెళ్లికి ఎదిగిందని మన ఇళ్లలో పాత నమ్మకం. రజస్వల కావడం అంటే అండం విడుదలయ్యే ప్రక్రియ మొదలైందని మాత్రమే అర్థం. ఆ తర్వాత రెండేళ్లలో ఎత్తు పెరగడం దాదాపు ఆగిపోతుంది గానీ, బిడ్డ బయటికి రావలసిన కటి ఎముకల మధ్య దారి ఎత్తు ఆగిపోయాక కూడా మరికొన్నేళ్ల పాటు వెడల్పవుతూనే ఉంటుంది. చిన్నప్పటి నుంచి తిండి చాలని పిల్లలో ఇది ఇంకా ఆలస్యమవుతుంది. ఆ దారి ఇరుకుగా ఉన్నప్పుడు బిడ్డ తల దిగక నొప్పులు గంటల తరబడి సాగుతాయి. ఆస్పత్రి అందుబాటులో లేని దేశాల్లో ఇలాంటి కాన్పుల్లోనే గర్భసంచి పగలడం, మూత్రకోశానికి రంధ్రం పడి జీవితాంతం మూత్రం కారుతూ ఉండటం వంటివి జరుగుతాయి. మన దగ్గర వీటికి బదులు సిజేరియన్ జరుగుతుంది. ఐదో సర్వే నాటికి రాష్ట్రంలో 42 శాతానికి పైగా కాన్పులు ఆపరేషన్లే. వాటిలో అవసరం లేనివి చాలా ఉన్నాయన్న విమర్శ సరైనదే. అయినా పదిహేడేళ్ల అమ్మాయికి అవసరమై చేసిన ఆపరేషన్ కూడా తేలిక విషయం కాదు. పొట్ట మీద, గర్భసంచి మీద పడిన ఆ కోత తర్వాతి కాన్పులన్నింటినీ ప్రభావితం చేస్తుంది. వెంటనే మళ్లీ గర్భం వస్తే పాత కుట్టు దగ్గర గర్భసంచి చిట్లే ముప్పు పెరుగుతుంది.

అంతకంటే లోతైన విషయం ఆహారానికి సంబంధించింది. ఇంకా ఎదుగుతున్న అమ్మాయి గర్భం దాల్చినప్పుడు ఆమె శరీరం తన ఎదుగుదల కోసం దాచుకునే పోషకాలకు, కడుపులోని బిడ్డకు పంపవలసిన పోషకాలకు మధ్య పోటీ ఏర్పడుతుందని పరిశోధకులు గుర్తించారు. అలాంటి తల్లులు గర్భంలో బరువు పెరిగినా బిడ్డ బరువు ఆ మేరకు పెరగదు. ఒకే గిన్నెలో అన్నం ఇద్దరు ఎదిగే పిల్లలకు పెట్టినట్టుగా ఉంటుంది ఆ పరిస్థితి. ఆ ఇద్దరిలో ఒకరు తల్లి కావడమే విషాదం.

రక్తం, బీపీ, పసిబిడ్డ

ఆంధ్రప్రదేశ్‌లో 15-19 ఏళ్ల అమ్మాయిల్లో ప్రతి పదిమందిలో ఆరుగురికి రక్తహీనత ఉంది. వీరిలో ఎక్కువమందికి ఇంకా పెళ్లి కాలేదు. గర్భంలో ఒక స్త్రీకి మొత్తం మీద సుమారు 1000 మిల్లీగ్రాముల ఇనుము అదనంగా కావాలి. సుమారు 300 బిడ్డకు, మాయకు పోతుంది. 500 దాకా తల్లి ఒంట్లో కొత్త రక్తం తయారవడానికి, మిగిలింది రోజువారీ నష్టానికి సరిపోతుంది. ఒంట్లో నిల్వ ఉన్న స్త్రీ అందులోంచి కొంత తీసి వాడుకుంటుంది. నెలసరి మొదలై మూడేళ్లు కూడా నిండని, పొద్దున టీ తాగి బడికి వెళ్లి మధ్యాహ్న భోజనంతో రోజు గడిపిన పిల్లకు నిల్వ ఎక్కడ నుంచి వస్తుంది? గర్భిణిలో హిమోగ్లోబిన్ డెసిలీటరు రక్తానికి 11 గ్రాముల కంటే తగ్గితే రక్తహీనత, 7 కంటే తగ్గితే తీవ్ర రక్తహీనత. బడిలో వారానికొకసారి ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్రలు ఈ లోటును ముందుగా పూడ్చడానికి ఉద్దేశించినవే. బడి మానేసిన పిల్లకు అవి సక్రమంగా అందవు. గర్భం వచ్చాక ఇచ్చే ఎర్ర మాత్రలు 180 రోజులు రోజూ వేసుకోవాలి. కడుపులో తిప్పుతుందని మానేయడం, టీతో పాటు వేసుకోవడం, వేసుకున్నామని చెప్పి అటక మీద పెట్టడం ఇంటింటా జరిగేదే. అన్నం తిన్న గంట తర్వాత నిమ్మరసంతోనో ఉసిరికాయతోనో వేసుకుంటే ఇనుము బాగా ఒంటబడుతుందని, మలం నల్లబడటం మామూలేనని ఓపికగా చెప్పే మనిషి ఒకరు ఉంటే చాలావరకు ఫలితం మారుతుంది.

రక్తహీనత కాన్పు రోజున ఎలా ప్రాణం మీదకు తెస్తుందో ఒక లెక్కతో చూడవచ్చు. కాన్పులో అర లీటరు రక్తం పోవడాన్ని ప్రమాద సూచికగా వైద్యులు పరిగణిస్తారు. అరవై కిలోల బరువుండి, హిమోగ్లోబిన్ 12 ఉన్న స్త్రీ ఆ అర లీటరును తట్టుకుని మర్నాడు లేచి కూర్చుంటుంది. నలభై కిలోల బరువుతో, హిమోగ్లోబిన్ 7తో కాన్పు గదిలోకి వచ్చిన పిల్ల ఒంట్లో మొదట ఉన్న రక్తమే తక్కువ, ఆ రక్తంలో ప్రాణవాయువును మోసే శక్తి ఇంకా తక్కువ. అదే అర లీటరు పోతే ఆమె గుండె తట్టుకోలేకపోవచ్చు.

రెండో ప్రమాదం రక్తపోటు. తొలి గర్భంలో, అందులోనూ లేత వయసులో, ఐదో నెల దాటాక రక్తపోటు 140/90 దాటి పెరగడం ఎక్కువగా కనిపిస్తుంది. ముదిరితే మూర్ఛలు వస్తాయి. పల్లెల్లో దీన్ని గుర్రపువాతం అంటారు. తల్లి మెదడులో రక్తస్రావానికీ బిడ్డ కడుపులోనే చనిపోవడానికీ ఇది దారితీస్తుంది. పంతొమ్మిదేళ్ల లోపు తల్లుల్లో ఈ మూర్ఛలు, కాన్పు తర్వాత గర్భసంచికి సోకే ఇన్‌ఫెక్షన్లు 20-24 ఏళ్ల తల్లుల కంటే ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. విడవని తలనొప్పి, కళ్ల ముందు మెరుపులు, డొక్క పైభాగాన నొప్పి, ముఖం చేతులు ఉబ్బడం దీని ముందస్తు గుర్తులు. సొంతంగా ఆస్పత్రికి వెళ్లే స్వతంత్రం ఉన్న స్త్రీ ఇవి కనిపిస్తే బయల్దేరుతుంది. అత్తవారింట్లో ఆరు నెలల క్రితం అడుగుపెట్టిన పదిహేడేళ్ల కోడలు తలనొప్పిగా ఉందని చెప్పడానికే జంకుతుంది. చెప్పినా, ఒంటికి నీరు పట్టిందనో దిష్టి తగిలిందనో ఒకటి రెండు రోజులు గడుస్తాయి. మెగ్నీషియం సల్ఫేట్ ఇంజెక్షన్ సమయానికి ఇస్తే మూర్ఛలు వచ్చే అవకాశం సగానికి పైగా తగ్గుతుంది. మందు పాతది, చవకది. ఆ ఇంట్లో ఆ అమ్మాయి మాటకు ఎంత విలువ ఉందన్నదే మందు అందుతుందో లేదో తేలుస్తుంది.

ఇక బిడ్డ. చిన్న వయసు తల్లులకు నెలలు నిండకముందే పుట్టే బిడ్డలు, రెండున్నర కిలోల కంటే తక్కువ బరువుతో పుట్టే బిడ్డలు ఎక్కువ. ముప్ఫై ఏడు వారాలకు బాగా ముందు పుట్టిన బిడ్డకు ఊపిరితిత్తులు విచ్చుకోవు, ఒంట్లో వేడి నిలవదు, రక్తంలో చక్కెర పడిపోతుంది, రొమ్ము పట్టి చీకే బలం ఉండదు. నెలలు నిండకుండా కాన్పయ్యే సూచన ఉంటే తల్లికి ముందే ఇచ్చే స్టిరాయిడ్ ఇంజెక్షన్లు బిడ్డ ఊపిరితిత్తులను త్వరగా సిద్ధం చేస్తాయి. అయితే అవి ఇవ్వాలా వద్దా తేల్చుకోవడానికి వైద్యులకు గర్భానికి ఎన్ని వారాలో కచ్చితంగా తెలియాలి. మొదటి మూడు నెలల్లో తీసిన స్కానింగ్ వారం లోపు తేడాతో ఆ లెక్క చెబుతుంది. ఏడో నెల దాటాక తీసే మొదటి స్కానింగ్‌లో రెండు మూడు వారాల తేడా రావచ్చు. నెలసరి ఇంకా క్రమంలో పడని అమ్మాయికి చివరి నెలసరి తేదీ కూడా సరిగా గుర్తుండదు. ఎందుకు ఆలస్యంగా వచ్చారన్న ప్రశ్న ఇక్కడే ముఖ్యమవుతుంది. దాని జవాబు కొంతవరకు చట్టం దగ్గర ఉంది కాబట్టి దాన్ని తర్వాత చూద్దాం.

మేనరికాల సంగతి ఒక్క మాటలో చెప్పుకోవాలి. దగ్గరి రక్త సంబంధీకుల పెళ్లి వల్ల పుట్టుకతో వచ్చే కొన్ని జన్యు లోపాల ముప్పు పెరుగుతుంది. ఇది తల్లి వయసుతో సంబంధం లేని విషయం. అయితే మన ప్రాంతంలో చిన్న వయసు పెళ్లి, మేనరికం తరచుగా ఒకే ఇంట్లో కలుస్తాయి కాబట్టి ఆ బిడ్డకు రెండు వైపుల నుంచీ భారం పడుతుంది.

పుట్టాక చేయవలసిన పనులు ఖర్చుతో కూడినవి కావు. గంటలోపు ముర్రుపాలు పట్టడం, బట్టలేవీ అడ్డం లేకుండా తల్లి ఛాతీకి ఆనించి గంటల తరబడి ఉంచే కంగారూ సంరక్షణ వాటిలో ముఖ్యమైనవి. భారతదేశం సహా ఐదు దేశాల్లో జరిగి 2021లో వెలువడిన అధ్యయనంలో, బరువు తక్కువ బిడ్డలకు ఈ సంరక్షణను పుట్టిన వెంటనే మొదలుపెడితే మరణాలు 25 శాతం తగ్గాయి. ఇన్క్యుబేటర్ కంటే తల్లి ఒడి మేలన్న మాట ఇప్పుడు వైద్యశాస్త్రం మాట. కానీ రక్తం లేక కళ్లు తిరుగుతూ, కుట్ల నొప్పితో, తనే ఇంకొకరి ఒడి కోరుకునే వయసులో ఉన్న తల్లి రోజుకు ఎనిమిది గంటలు, పది గంటలు బిడ్డను గుండెకు హత్తుకుని కూర్చోవాలంటే ఆమెకు పక్కన మనిషి కావాలి. అమ్మమ్మ, నాన్నమ్మ, చివరకు తండ్రి కూడా వంతులవారీగా ఆ పని చేయవచ్చునని ఆస్పత్రుల్లో చెప్పాలి, చేయించాలి.

దాచిన వయసు

పద్దెనిమిది నిండని అమ్మాయి గర్భంతో ఆస్పత్రికి వచ్చిందంటే చట్టం దృష్టిలో అక్కడ ఒక నేరం ఉంది. పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం ఆ సంగతి తెలిసినవారు, వైద్యులతో సహా, పోలీసులకు తెలియజేయాలి. తెలియజేయకపోతే వారికీ శిక్ష ఉంది. పదిహేనేళ్లు దాటిన భార్య విషయంలో భర్తకు అత్యాచార నేరం నుంచి పాత శిక్షాస్మృతి ఇచ్చిన మినహాయింపును సుప్రీంకోర్టు 2017 అక్టోబరు 11న పద్దెనిమిదేళ్లకు మార్చింది. ఆడపిల్ల శరీరంపై ఆమెకున్న హక్కు పెళ్లితో పోదని చెప్పిన ఆ తీర్పు ఎంతో అవసరమైనది. అయినా దాని నీడ ఆస్పత్రి గుమ్మం మీద పడింది. భర్త జైలుకు వెళతాడని, తల్లిదండ్రుల మీద కేసు పడుతుందని తెలిసిన కుటుంబం రెండు పనుల్లో ఒకటి చేస్తుంది. మొదటిది, వీలైనంత కాలం ఆస్పత్రికి రాకపోవడం. రెండోది, వచ్చినప్పుడు వయసు పెంచి చెప్పడం.

పట్టణ ఆరోగ్య కేంద్రంలో నెలలో తొమ్మిదో తేదీన జరిగే గర్భిణుల పరీక్షల రోజును ఊహించుకుందాం. ఎత్తు కొలుస్తారు, బరువు చూస్తారు, బీపీ, రక్తపరీక్ష అవుతాయి. తల్లీబిడ్డల రక్షణ కార్డులో వయసు దగ్గర పక్కనున్న అత్తగారు పందొమ్మిది అంటుంది. ఆధార్‌లో పుట్టిన తేదీ ఒకటి, పదో తరగతి సర్టిఫికెట్‌లో మరొకటి. కార్డు రాసే నర్సు ఏఎన్‌ఎంకు అనుమానం ఉంటుంది. ఆమె ఆ వీధిలోనే రేపు మళ్లీ తిరగాలి. అడిగితే ఆ కుటుంబం మళ్లీ రాదు. పందొమ్మిది అని రాస్తుంది. ఆ క్షణం నుంచి ఆ కార్డు చూసే ప్రతి వైద్యురాలికీ ఆమె మామూలు తొలిచూలు గర్భిణి. పదహారేళ్ల అమ్మాయి అని తెలిస్తే తరచుగా చూడవలసిన బీపీ, ముందే మాట్లాడి పెట్టుకోవలసిన పెద్దాసుపత్రి, సిద్ధంగా ఉంచవలసిన రక్తం, అన్నీ ఆ ఒక్క అంకె కింద కప్పబడిపోతాయి. కాన్పు గదిలో కష్టం వచ్చి, అర్ధరాత్రి 108లో గుంటూరు పెద్దాసుపత్రికో విజయవాడకో తరలించినప్పుడు బంధువులెవరో అసలు వయసు చెబుతారు. అప్పటికి చాలా అవకాశాలు చేజారిపోయి ఉంటాయి.

ఈ చిక్కును సుప్రీంకోర్టు కొంతవరకు గుర్తించింది. మైనరు అమ్మాయి గర్భస్రావం కోసం వచ్చినప్పుడు, ఆమె, ఆమె సంరక్షకులు కోరితే, వైద్యులు పోలీసులకిచ్చే సమాచారంలో ఆమె పేరు, గుర్తింపు వివరాలు వెల్లడించనవసరం లేదని 2022 సెప్టెంబరు 29 నాటి తీర్పులో చెప్పింది. గర్భాన్ని కొనసాగించి కనాలనుకున్న మైనరు భార్యకు మాత్రం ఇలాంటి రక్షణ స్పష్టంగా లేదు. 2023లో అస్సాంలో బాల్యవివాహాల పేరుతో వేల మందిని అరెస్టు చేసినప్పుడు గర్భిణులైన అమ్మాయిలు ఆస్పత్రులకు వెళ్లడానికి భయపడుతున్నారని వార్తలు వచ్చాయి. సుప్రీంకోర్టు కూడా 2024 అక్టోబరు 18న బాల్యవివాహాలపై ఇచ్చిన తీర్పులో శిక్షల కంటే ముందస్తు నివారణకే ఎక్కువ ప్రాధాన్యం ఇవ్వాలని చెప్పింది. పెళ్లి జరగకముందు చట్టం ఎంత కఠినంగా ఉన్నా మంచిదే. గర్భం వచ్చాక మాత్రం ఆ అమ్మాయి ముందు ఆస్పత్రి తలుపు ఒక్కటే తెరిచి ఉండాలి, దాని వెనుక పోలీస్ స్టేషన్ ఉండకూడదు. బలవంతం, అక్రమ రవాణా, హింస ఉన్నచోట వేరే సంగతి. అక్కడ ఫిర్యాదు ఆమెను కాపాడుతుంది. మిగిలిన చోట నిజమైన వయసును వైద్యం కోసం మాత్రమే, రహస్యంగా నమోదు చేసే పద్ధతి ప్రభుత్వం తేవాలి.

వైద్యం, చట్టం మధ్య ఈ ముడి కొత్తది కాదు. బెంగాల్‌లో పదేళ్లు దాటిన ఒక చిన్నారి భార్య భర్త చేతిలో చనిపోయిన కేసు తర్వాత, 1891లో బ్రిటిష్ ప్రభుత్వం అమ్మాయిల లైంగిక సమ్మతి వయసును పది నుంచి పన్నెండుకు పెంచింది. 1929 నాటి శారదా చట్టం అమ్మాయి పెళ్లికి కనీస వయసు పద్నాలుగేళ్లుగా పెట్టింది. 1978లో అది పద్దెనిమిదికి చేరింది. గుంటూరులో 1883లో అడుగుపెట్టిన లూథరన్ మిషన్ వైద్యురాలు అన్నా సారా కుగ్లర్ స్త్రీల కోసం 1898లో ఇక్కడ ఆస్పత్రి తెరిచారు. పురుష వైద్యుడికి చూపించుకోని స్త్రీలు, బాలికా వధువులు ఉన్న ఆ కాలంలో ఈ పట్టణం ఆడవారి ఆస్పత్రిని నూట పాతికేళ్ల క్రితమే చూసింది.

2006 నాటి బాల్యవివాహ నిషేధ చట్టంలో ఒక అంశం అమ్మాయిలకు దాదాపు తెలియదు. బాల్యవివాహం దానంతట అది చెల్లకుండా పోదు. పెళ్లినాటికి మైనరుగా ఉన్న వ్యక్తి, మేజరైన రెండేళ్లలోపు జిల్లా కోర్టును కోరితే దాన్ని రద్దు చేయవచ్చు. రద్దయినా పుట్టిన పిల్లలకు చట్టబద్ధత పోదు, భరణం పొందే హక్కు ఉంటుంది. అంటే అమ్మాయికి ఇరవై ఏళ్లు నిండగానే ఈ గడువు ముగుస్తుంది. చేతిలో పసిబిడ్డతో ఉన్న అమ్మాయికి కోర్టు ఎక్కడుందో తెలిసే లోపే ఆ గడువు దాటిపోతుంది. అమ్మాయిల పెళ్లి వయసును ఇరవై ఒకటికి పెంచాలని 2021 డిసెంబరులో లోక్‌సభలో ప్రవేశపెట్టిన బిల్లు సభ గడువుతో పాటే మురిగిపోయింది. పద్దెనిమిదినే అమలు చేయలేనప్పుడు వయసు పెంచితే, దాచవలసిన వయసు ఇంకో మూడేళ్లు పెరుగుతుందన్నది నా భయం.

పెళ్లయ్యాకా, పెళ్లికి ముందూ

పెళ్లి జరిగిపోయినా చేయగలిగింది చాలా ఉంది. తొలి కాన్పును ఇరవై దాకా వాయిదా వేయగలిగితే పైన చెప్పిన ముప్పుల్లో పెద్ద భాగం తగ్గుతుంది. మన రాష్ట్రంలో కుటుంబ నియంత్రణ అంటే ఆపరేషన్ ఒక్కటే. ఐదో సర్వే నాటికి పెళ్లయిన స్త్రీలలో దాదాపు 70 శాతం మంది ట్యూబెక్టమీ చేయించుకున్నవారే. తొలి గర్భాన్ని ఆలస్యం చేయడానికి, ఇద్దరు పిల్లల మధ్య ఎడం పెట్టడానికి మాత్రలు, కండోమ్‌లు, మూడు నెలలకోసారి తీసుకునే అంతర ఇంజెక్షన్, వారం వారం వేసుకునే ఛాయ మాత్ర, కాపర్-టీ ప్రభుత్వ కేంద్రాల్లో ఉచితంగా ఉన్నా, కొత్త కోడలికి వీటి గురించి చెప్పడం తప్పుగా చూస్తారు. ఒక కాన్పు తర్వాత మళ్లీ గర్భానికి కనీసం రెండేళ్ల ఎడం ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. పదిహేడుకు ఒక బిడ్డ, పందొమ్మిదికి రెండో బిడ్డ, ఇరవై రెండు రాగానే ఆపరేషన్, ముప్ఫైల్లో తెల్లబట్ట, నొప్పి అంటూ గర్భసంచి తీయించుకోవడం మన ప్రాంతంలో ఎందరో స్త్రీల జీవితచిత్రం. గర్భసంచి తొలగింపులు దేశంలోనే అత్యధికంగా జరిగే రాష్ట్రాల్లో మనది ముందుంటుంది. దీన్ని విడిగా కాక, చిన్న వయసు పెళ్లితో మొదలైన కథలో చివరి అధ్యాయంగా చూడాలి. అండాశయాలు కూడా తీసేస్తే ముప్ఫై అయిదుకే ముట్లుడిగి, ఎముకలు పెళుసెక్కి, మిరప చేలో వంగి కోసే పని చేయలేని స్థితి వస్తుంది.

పెళ్లికి ముందు ఆపగలిగే చోటు మాత్రం ఒక్కటి స్పష్టంగా కనిపిస్తుంది. పదో తరగతి పరీక్షలు అయిపోయి, ఫలితాలు వచ్చి, ఇంటర్ కాలేజీలు తెరిచే మధ్య కాలం. సరిగ్గా వైశాఖ జ్యేష్ఠ మాసాల ముహూర్తాలు అప్పుడే వస్తాయి. అప్పటి రాష్ట్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో తెచ్చిన కల్యాణమస్తు పథకం పెళ్లి సాయానికి అమ్మాయికి పద్దెనిమిది, అబ్బాయికి ఇరవై ఒకటి, ఇద్దరికీ పదో తరగతి ఉత్తీర్ణత అన్న షరతులు పెట్టింది. షరతు మంచిదే. కానీ పదో తరగతి దాటాక పద్దెనిమిదేళ్లు నిండేదాకా ఉండే ఆ రెండు మూడేళ్లు పిల్ల ఎక్కడ ఉండాలన్న ప్రశ్నకు డబ్బు జవాబు కాదు. కస్తూర్బా విద్యాలయాల్లో ఇంటర్ సీట్లు, కోతల కాలంలో వలస వెళ్లే కుటుంబాల ఆడపిల్లలకు హాస్టల్, ఊరి నుంచి కాలేజీకి నమ్మకంగా నడిచే ఆర్టీసీ బస్సు దానికి జవాబు.

ఆ నెలల్లో ఏ ఇంట్లో పదో తరగతి పూర్తయిన అమ్మాయి ఇంకా ఏ కాలేజీలోనూ చేరలేదో బడి రిజిస్టరు నుంచి తీసి, సచివాలయం మహిళా పోలీసు, అంగన్‌వాడీ టీచరు, ఆశా కార్యకర్త కలిసి ఆ ఇంటికి వెళ్లాలి. కల్యాణ మండపం యజమాని, శుభలేఖలు అచ్చువేసే ప్రెస్సు, పురోహితుడు, పాస్టరు, ఖాజీ పుట్టిన తేదీ కాగితం చూడకుండా ఒప్పుకోకూడదన్న నిబంధన కాగితాల మీద ఉంటే చాలదు, ఒక్క ముహూర్తమైనా ఆగినట్టు ఊరికి కనిపించాలి. ముందుగా తెలిస్తే బాల్యవివాహ నిషేధ అధికారి కోర్టు నుంచి నిలుపుదల ఉత్తర్వు తేవచ్చు. ఆ ఉత్తర్వును కాదని చేసిన పెళ్లి మొదటినుంచీ చెల్లదు. పిల్లల సహాయ నంబరు 1098కు వచ్చే ఫోన్లు ముహూర్తం రోజున కాక పది రోజుల ముందు వస్తే, ఆ అమ్మాయిని బలవంతంగా పందిట్లోంచి లేపవలసిన పని ఉండదు. నాన్నతో మాట్లాడి, కాలేజీ దరఖాస్తు మీద ఆయన చేత సంతకం పెట్టించే వ్యవధి దొరుకుతుంది.